మంద్రంగా అంటే మెల్లగానా, కింది స్వరంలోనా?

"పక్కగదిలోంచి సంగీతం మంద్రంగా వినిపిస్తోంది" లాంటి వాక్యాలు కథల్లో ఎన్ని చదివామో. దాదాపు అన్నిచోట్లా రాసినవాళ్ల ఉద్దేశం "మెల్లగా" అనే. కానీ మంద్రం అంటే చప్పుడు తక్కువని కాదు, స్వరం కిందిదని. సంగీతంలో మంద్ర (కింది), మధ్య, తార (పై) స్థాయిల్లో మొదటిది. అమరకోశం కూడా మంద్రానికి గంభీర ధ్వని అనే అర్థం చెప్తుంది. మంద్ర స్వరాన్ని గట్టిగా పలికించొచ్చు, తార స్వరాన్ని మెత్తగా పలికించొచ్చు, రెండూ వేరే సంగతులు.

నిజానికి శక్తి లెక్కలో మంద్రమే బలమైనది. మన చెవికి అందేది సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని కంపనాలని చెప్పే కొలత) వరకు, ఒక స్థాయి పైకి వెళ్తే హెర్ట్జ్ రెట్టింపు అవుతుంది. డ్రమ్స్, బేస్ ఉన్న పాట ఏదైనా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా కొలిస్తే, మామూలుగా శక్తిలో ఎక్కువ భాగం కొన్ని వందల హెర్ట్జ్ లోపే ఉంటుంది, పైకి పోయేకొద్దీ తగ్గుతూ 10,000 దాటాక మిగిలేది చాలా కొంచెం (వేణువు ఒక్కటే మోగుతుంటే లెక్క వేరు). కింది స్వరాలకు ఎక్కువ గాలిని కదపాలి కాబట్టే వాటిని పలికించే స్పీకర్, వూఫర్, అంత పెద్దగా ఉంటుంది.

మరి "మెల్లగా" అనే అర్థం ఎక్కడినుంచి వచ్చింది? చెవి వల్లే అని నా ఊహ. మన చెవి 3,000, 4,000 హెర్ట్జ్ దగ్గర బాగా చురుకు, కిందికి వచ్చేకొద్దీ మందం. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూపించారు. వాల్యూమ్ తక్కువగా ఉన్నప్పుడు 100 హెర్ట్జ్ స్వరం 1,000 హెర్ట్జ్ స్వరంతో సమానంగా వినబడాలంటే దానికి వంద రెట్లకు పైగా శక్తి కావాలి! పైగా గోడ పై స్వరాలను ఎక్కువగా ఆపేస్తుంది, కిందివి దాటి వస్తాయి. అంటే పక్కగది సంగీతం మెల్లగానూ వస్తుంది, మంద్రంగానూ వస్తుంది. ఆ ఒక్క సందర్భంలో కథకుల వాక్యం రెండు విధాలా సరిపోతుంది.

"స్థాయి"తో ఇంకో చిక్కు, అది స్వరం ఎత్తుకూ వాడతారు, చప్పుడు బలానికీ వాడతారు. "తక్కువ స్థాయి ధ్వనుల్లో శక్తి ఎక్కువ" అని ఈమధ్య ఒక అనువాదంలో చూసి రెండుసార్లు చదువుకోవాల్సి వచ్చింది. స్థాయిని స్వరానికే ఉంచి, బలానికి "తీవ్రత" వాడితే "మంద్ర స్థాయిలో తీవ్రత ఎక్కువ" అని హాయిగా చెప్పొచ్చు కదా.

మంద్రంగా బదులు "సన్నగా" వాడదామంటే అది సన్నని గొంతు, అంటే పై స్వరం వైపు లాగుతుంది. చప్పుడు తక్కువ అని మాత్రమే చెప్పడానికి "మెల్లగా" కాకుండా మీరు ఏం వాడతారు?