అప్‌డేట్: గురులఘువుల క్వార్కు పదాటలో రెండక్షరాల చిక్కు తీరింది

సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. నేనడిగింది ఇదీ: క్వార్కులంటే ప్రోటాన్, న్యూట్రాన్ లాంటి కణాల లోపలి చిన్న కణాలు. పదంలో ఒక్కో అక్షరానికి ఒక్కో కార్డు పెట్టి, గురువును అప్ క్వార్కు (విద్యుదావేశం +2/3), లఘువును డౌన్ క్వార్కు (−1/3) అనుకుంటే మూడక్షరాల పదాల మొత్తం చక్కగా పూర్ణాంకంగా కుదురుతోంది, రెండక్షరాలవి భిన్నంలోనే ఆగిపోతున్నాయి, ఏం చేయాలి?

పనిచేసింది ప్రతిక్వార్కు (క్వార్కుకు వ్యతిరేక ఆవేశం ఉన్న జోడీ కణం) సలహా. రెండో అక్షరం కార్డును తలకిందులుగా పెట్టి, దాని గుర్తు మార్చాలి. 'దోమ' (గురువు, లఘువు): 2/3 + 1/3 = +1, అంటే పై-ప్లస్ మెసాన్ (ఒక క్వార్కు, ఒక ప్రతిక్వార్కు కలిసిన కణం). 'జలం' −1. 'నది' సున్నా. నాలుగక్షరాలకు చివరి రెండు కార్డులు, అయిదింటికి చివరిది ఒక్కటే తిప్పాలి. ఇలా నాలుగు క్వార్కులు, ఒక ప్రతిక్వార్కు ఉన్న కణాన్ని సెర్న్ పరిశోధనశాలలోని ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం 2015లో ప్రకటించింది కాబట్టి ఇది మన కల్పన కాదు. ఒంటి అక్షరం చెల్లదు. పాపం 'క్వార్క్' అన్న మాటే ఒంటి అక్షరం, ఆటలోకి రాలేదు!

సలహాల్లో వచ్చిన రంగుల నియమం (క్వార్కులకు 'రంగు' అనే గుణం ఉంటుంది) అనవసరమని తేలింది. మూడు కార్డులకు మూడు రంగులు ఎలాగైనా ఇచ్చుకోవచ్చు, లెక్క మారదు. వత్తక్షరాన్ని స్ట్రేంజ్ క్వార్కు (మరో రకం క్వార్కు) చేయాలన్న సలహా కూడా ఈ చిక్కుకు సంబంధం లేనిదే.

లెక్క తప్పేది ఎక్కువగా సంయుక్తాక్షరం ముందు. 'పుస్తకం'లో 'పు' చూడ్డానికి లఘువే, కానీ వెనక 'స్త' ఉంది కనుక గురువు. మొత్తం +1, ప్రోటాన్. లఘువుగా తీసుకుంటే సున్నా వచ్చి న్యూట్రాన్ అయిపోతుంది, గొడవ మొదలవుతుంది. పదం చివరి పొల్లు కూడా ముందక్షరాన్ని గురువు చేస్తుంది. అందుకే 'ఎలక్ట్రాన్' (లఘువు, గురువు, గురువు) ఈ ఆటలో +1. 'ప్రోటాన్' సున్నా. 'న్యూట్రాన్' మాత్రం బుద్ధిగా సున్నా దగ్గరే ఉంది.