ఐదేళ్ల బత్తాయి తోటకు వ్యామ్ పొడి కొనవలసిందేనా?

దేవరకొండ రైతు:
మా ఎర్రచెల్కలోని బత్తాయి తోటకు చెట్టుకు 200 గ్రాముల చొప్పున వ్యామ్ పొడి (వేళ్లతో పొత్తుగా బతికే శిలీంద్రం కలిపిన పొడి) వేస్తే భాస్వరం ఖర్చు సగానికి తగ్గుతుందని దుకాణదారు చెప్పగా, పోయిన ఏడు నాలుగు వరుసలకు వేశాను. మిగిలిన వరుసలకూ వాటికీ తేడా కనబడలేదు. లోపం పొడిదా, నాదా?

నకిరేకల్ నర్సరీ:
పొడిని తప్పుపట్టే ముందు దాని పని చూడండి. భాస్వరం మట్టిలో కదలదు. ఎర్రనేలలో ఇనుముతో కలిసి మరింత బిగుసుకుంటుంది. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా పీల్చుకున్న తరువాత, ఆ వట్టిపోయిన మేరను దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం నుంచి భాస్వరాన్ని మోసుకొచ్చేవి శిలీంద్రపు దారాలే. అందుకు కూలిగా చెట్టు చక్కెరలు, కొవ్వులు ఇస్తుంది. నిమ్మజాతి వేళ్లకు మూలకేశాలు తక్కువ కనుక వాటికి ఈ పొత్తు మరీ అవసరం. శుద్ధి చేసిన నర్సరీ మట్టిలో ఈ శిలీంద్రం లేకనే నిమ్మజాతి నారు గిడసబారిందని 1972లోనే అమెరికా పరిశోధకులు చూపారు.

నల్లగొండ, వృక్షశాస్త్ర అధ్యాపకుడు:
నర్సరీ వారి ఉదాహరణే వారికి అడ్డు వస్తోంది. అక్కడ శుద్ధి చేసినందువల్ల శిలీంద్రం చచ్చిపోయింది. పాత తోటలో అది ముందే ఉంటుంది. మా కళాశాలలో బత్తాయి పిల్లవేళ్లను క్షారంలో మరిగించి, వెనిగర్ కలిపిన సిరాలో నానబెట్టి సూక్ష్మదర్శిని కింద చూపిస్తుంటాను: పొడి ఎరుగని చెట్టు వేరులోనూ, కణాల లోపల చిన్న చెట్ల వలె కొమ్మలు చాచిన నీలి ఆకారాలు కనబడతాయి. (పిల్లలు వాటిని మొదట మరకలనుకుంటారు.) ఉన్నదాన్ని మళ్లీ కొనడం కన్నా దానికి ఏది అడ్డమో వెతకాలి. రైతు గారూ, భాస్వరం కోసం డీఏపీ ఎరువు ఎంత వేస్తున్నారు?

దేవరకొండ రైతు:
ఏటా చెట్టుకు కిలో. వరుసల మధ్య రొటవేటర్ రెండుసార్లు తిరుగుతుంది.

నల్లగొండ, వృక్షశాస్త్ర అధ్యాపకుడు:
50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోలు ఫాస్ఫేటే. భాస్వరం చేతికందితే చెట్టు శిలీంద్రానికి కూలి తగ్గిస్తుంది, వేరులో దాని వ్యాప్తి పడిపోతుంది. మిగిలిన దారాలను రొటవేటర్ తెంపుతుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి, భాస్వరం ఎక్కువని తేలితే డీఏపీ తగ్గించండి.

నకిరేకల్ నర్సరీ:
కాపు తోట విషయంలో ఒప్పుకుంటున్నాను. నారు సంచుల విషయంలో ఒప్పుకోను: చెరువు మట్టి, ఇసుక, పెంట కలిపి నింపిన సంచిలో శిలీంద్రం సరిపడా ఉందన్న నమ్మకం లేదు, అక్కడ చెంచాడు పొడి ఖర్చు మొక్కకు లెక్కలోకి రాదు.

దేవరకొండ రైతు:
పరీక్షకు మట్టి తీస్తున్నాను. ఈ వానాకాలం రెండు వరుసలకు డీఏపీ ఆపి, నడుమ దున్నకుండా జనుము చల్లుతాను. పిల్లవేళ్లు పంపితే సిరాలో చూసిపెడతారా సార్?