"విశ్వదాభిరామ వినురవేమ": గణాల అమరిక, సంభావ్యత

ఆటవెలది పద్యపు సరిపాదంలో, అంటే రెండో లేదా నాలుగో పాదంలో, ఎన్ని గణవిన్యాసాలు సాధ్యమో, వాటిలో వేమన మకుటానిదే పడే సంభావ్యత ఎంతో అడిగారు కనుక ముందు గణవిభజన చూద్దాం. విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. సంయుక్తాక్షరమైన "శ్వ"కు ముందున్న "వి" గురువవుతుంది కాబట్టి మొదటిది గురువు, లఘువు కలిసిన హగణం. రెండూ, మూడూ, అయిదూ కూడా హగణాలే. నాలుగోది మాత్రం మూడు లఘువుల నగణం. పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతి కూడా ఆ నాలుగో గణం మొదటి అక్షరంపైనే, "వి"కి "వి"గా, చక్కగా కుదిరింది.

సూర్యగణాలు హగణం, నగణం అని రెండే; సరిపాదంలో అయిదు చోట్లా అవే రావాలి కనుక విన్యాసాలు 2×2×2×2×2 = 32. బేసిపాదంలో మూడు సూర్యగణాల తరువాత రెండు ఇంద్రగణాలు వస్తాయి, ఇంద్రగణాలు ఆరు, కాబట్టి 8×36 = 288. నాలుగు పాదాలకూ కలిపితే 8,49,34,656 విన్యాసాలు. ఇంత చిన్న పద్యంలో ఇంత చోటుందన్నది నాకు ఎప్పటికీ అబ్బురమే. ఆ 32 విన్యాసాలను నగణాల సంఖ్యను బట్టి విడదీస్తే 1, 5, 10, 10, 5, 1 వస్తాయి. పింగళుని ఛందశ్శాస్త్రానికి హలాయుధుడు 10వ శతాబ్దంలో రాసిన వ్యాఖ్యలోని మేరుప్రస్తారపు (పాస్కల్ త్రిభుజపు) వరుస ఇదే.

అయితే సంభావ్యత 1/32 అని వెంటనే తేల్చకూడదు, ఎందుకంటే ఆ భాగహారం 32 విన్యాసాలూ సమాన అవకాశం కలవైనప్పుడే చెల్లుతుంది. గణానికి బదులు ఒక్కొక్క అక్షరం గురువో లఘువో బొమ్మాబొరుసూ వేసి నిర్ణయిస్తే, రెండక్షరాల హగణానికి 1/4, మూడక్షరాల నగణానికి 1/8 అవకాశం ఉంటుంది. పాదం ఛందస్సులో కుదిరినప్పుడు ఒక్కో చోట హగణానికి 2/3, నగణానికి 1/3 వాటా దక్కుతుంది గనుక మకుటవిన్యాసపు సంభావ్యత 16/243, అంటే ముందటి దానికి రెట్టింపు కన్నా కొంచెం ఎక్కువ. నాకు ఈ రెండో లెక్కే ఎక్కువ సమంజసంగా తోస్తుంది.

అసలైన నిష్పత్తి తేలాలంటే పద్యాలనే లెక్కించాలి. అప్పుడు వేమన పద్యాల్లో రెండో పాదాన్ని మాత్రమే తీసుకోవాలి. మకుటం మారదు కనుక నాలుగో పాదాన్ని కలిపితే ప్రతి పద్యమూ నాలుగు హగణాలనూ ఒక నగణాన్నీ అదే క్రమంలో లెక్కలోకి తెస్తుంది.