గుమ్మడి పై: ఏ గుమ్మడి? ఏ పై?

అందరికీ నమస్కారం. ఇక్కడ అమెరికాలో 'పంప్‌కిన్ పై' అని గుమ్మడితో ఒక తీపి వంటకం చేస్తారు, దాన్ని తెలుగులో ఏమనాలో మీ అభిప్రాయం కావాలి. కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మేముండేది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం, బ్లూమింగ్‌టన్ ఊళ్ళో. నవంబరు నాలుగో గురువారం ఇక్కడ థాంక్స్‌గివింగ్ పండగ. ఆ రోజు మా వీధిలో నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్ళం కలిసి భోజనం చేస్తాం. ఈసారి పిలుపు తెలుగులో ఉండాలని ఒకరు ముచ్చటపడి రాసి పంపారు. అందులో ఒక వాక్యం: "విందులో గుమ్మడిపై టర్కీ, మొక్కజొన్న రొట్టె, పులిహోర." మొదటి కామా పడలేదు. మాతో ఉండటానికి తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య అది చదివి, "గుమ్మడికాయ మీద కోడిని కూర్చోబెడతారా అమ్మాయ్?" అని అడిగారు. ఆవిడ తప్పేం లేదు. "చెట్టుపై పిట్ట" అని చదివిన కళ్ళు "గుమ్మడిపై టర్కీ"ని ఇంకెలా చదువుతాయి?

'పై' మనకి ఇప్పటికే ఎన్ని పనులు చేస్తోందో చూడండి. పైకప్పు, పైపంచె, పై అధికారి, పైచదువులు. లెక్కల్లో వృత్తం దగ్గరకొస్తే గ్రీకు అక్షరం పై. మన తాతల కాలంలో పై అంటే నాణెం కూడా: 12 పైలు అణా, 192 పైలు రూపాయి. ఇప్పుడు ఓవెన్‌లోంచి ఇంకో పై వచ్చింది.

ఇక గుమ్మడి. దీని సంగతి ఇంకా లోతు. మన సామెత ఉంది కదా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని. కాయ మోసుకెళ్ళినవాడికి భుజాలు తడుముకోవాల్సిన అవసరం ఎందుకొచ్చింది? బూడిద గుమ్మడి ఒంటి మీద తెల్లటి పొడి ఉంటుంది. అది భుజానికి అంటుకుందేమోనని వాడి భయం. పులుసులో వేసుకునే తీపి గుమ్మడిని భుజాన పెట్టుకుని ఊరంతా తిరిగినా మరక పడదు. అంటే సామెత పుట్టించినవాళ్ళ మనసులో ఉన్నది బూడిద గుమ్మడే. వడియాలకి తరిగేదీ, దిష్టికి గుమ్మానికి కట్టేదీ అదే.

తీపి గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. కొలంబస్ తర్వాతి కాలంలో ఓడలెక్కి మన దేశం వచ్చింది. వచ్చాక పాత కాయ పేరే దీనికీ ఇచ్చాం, తేడా తెలియడానికి ముందు 'తీపి', 'బూడిద' చేర్చుకున్నాం. పక్క భాషలు చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. మన గుమ్మడికి చుట్టమైన కుంబళం అన్న మాట మలయాళంలో ఇప్పటికీ బూడిద గుమ్మడికే ఉంది, తీపిదాన్ని మత్తన్ అంటారు. తమిళంలో తీపి గుమ్మడికి పరంగిక్కాయ్ అని పేరు. పరంగి అంటే పరదేశి. మనం మాత్రం పరాయిదని పేరులో గుర్తు పెట్టలేదు. సంక్రాంతి దప్పళంలోకి తెచ్చుకున్నాం, దాని పువ్వుని గొబ్బెమ్మ మీద పెట్టాం, బతుకమ్మలో పేర్చాం. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు చాలా ఇష్టంగా ఉంటుంది.

ఇంగ్లిష్ పేరు కథ కూడా చెప్పాలి. పంప్‌కిన్ అన్న మాట గ్రీకు 'పెపోన్' నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా వచ్చింది. పెపోన్ అంటే బాగా పండినది, మగ్గినది. మనం గుమ్మడికాయ అన్న నోటితోనే గుమ్మడిపండు అనీ అంటాం కదా, అదే చూపు.

మా ఊరికి అరగంట దూరంలో మోర్టన్ అనే చిన్న ఊరుంది. 'లిబ్బీస్' కంపెనీవాళ్ళ గుమ్మడి గుజ్జు డబ్బాలు తయారయ్యేది అక్కడే. మొదటిసారి అటు వెళ్ళినప్పుడు చేలల్లో నారింజ రంగు గుమ్మళ్ళు కనిపిస్తాయనుకున్నాను. కనిపించినవి పొడుగ్గా, గోధుమరంగు తోలుతో ఉన్న కాయలు. డికిన్సన్ రకం అంటారు. హాలోవీన్‌కి కళ్ళూ ముక్కూ చెక్కి గుమ్మం ముందు పెట్టే నారింజ కాయ వేరే జాతి. ఈ డికిన్సన్‌దీ మన దప్పళం గుమ్మడిదీ ఒకే జాతి, శాస్త్రవేత్తల భాషలో కుకుర్బిటా మోస్కాటా. ఇది తెలిశాక డబ్బా మీద నాకున్న పరాయి భావం పోయింది.

సరే, అసలు ప్రశ్నకొస్తాను. ఈ వంటకాన్ని తెలుగులో ఏమనాలి? 'గుమ్మడి బొబ్బట్టు' అని ఒకరు, 'గుమ్మడి కజ్జికాయ' అని ఇంకొకరు అంటే విన్నాను. రెండూ నాకు నచ్చలేదు. బొబ్బట్టులో, కజ్జికాయలో లోపలిది కనపడకుండా మూసేస్తాం. దీనికి మూత ఉండదు. అడుగున మైదా, వెన్న కలిపిన పల్చటి గిన్నె లాంటి క్రస్ట్, అందులో పోసిన గుమ్మడి పైకే కనిపిస్తుంది. పోసిన అన్న మాట గమనించండి. ఉండ చేసి పెట్టేది కాదు కాబట్టి దాన్ని పూర్ణం అనడానికీ నోరు రాదు.

నేను బుధవారం సాయంత్రమే చేసి పెట్టుకుంటాను. 15 ఔన్సుల గుమ్మడి డబ్బా ఒకటి, గుడ్లు రెండు, పంచదార ముప్పావు కప్పు, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి, లవంగాల పొడి, శొంఠిపొడి. తెలుగులో రాసేవాళ్ళు చాలామంది ఇక్కడ 'అల్లం పొడి' అంటున్నారు. పచ్చిగా ఉంటే అల్లం, ఎండితే శొంఠి అని మనకి విడిగా మాటలున్నాయి. ఇంగ్లిష్‌కి ఆ సౌకర్యం లేదు. ఉన్న మాట వదులుకోవడం ఎందుకు? తర్వాత 12 ఔన్సుల ఎవాపొరేటెడ్ పాలు. దీన్ని తెలుగులో 'చిక్కటి పాలు' అని రాసి ఊరుకుంటే ప్రమాదం. మొదటి ఏడాది ఆ మాట నమ్మి, పాయసంలో వేసే తీపి డబ్బాపాలు పోశాను. ఒక ముక్క కూడా ఎవరూ పూర్తిగా తినలేకపోయారు. అప్పట్నుంచి ఎవరడిగినా 'చక్కెర లేని చిక్కపాలు' అని చెబుతున్నాను.

అంతా కలిపి 9 అంగుళాల పళ్ళెంలోని క్రస్ట్‌లో పోసి, 425 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర 15 నిమిషాలు, తర్వాత 350కి తగ్గించి ఇంకో 40 నుంచి 50 నిమిషాలు. పోయినేడు అత్తయ్య ఓవెన్ అద్దం దగ్గర నిలబడి చూస్తున్నారు. అంచులు గట్టిపడ్డాయి, నడుమ మాత్రం పళ్ళెం కదిపితే తొణికీ తొణకనట్టు ఊగుతోంది. ఇంకో పది నిమిషాలు ఉంచుదామన్నాను. "వద్దమ్మాయ్, ఇది జున్ను. నడుమ ఊగుతుండగానే దింపాలి. లేకపోతే పగుళ్ళిచ్చి నీరొదులుతుంది" అన్నారు. దింపాం. రెండు గంటలు చల్లారాక కోస్తే ముక్క ముక్కగా, నున్నగా వచ్చింది.

ఆ ఒక్క మాటతో నాకు దారి దొరికింది. నా ప్రతిపాదన ఇది: రాసేటప్పుడు 'తీపి గుమ్మడి పై' అని రాద్దాం, పై విడిగా. పెద్దవాళ్ళకి, ఎప్పుడూ తినని వాళ్ళకి చెప్పేటప్పుడు 'గుమ్మడి జున్ను' అందాం. మీరేమంటారు?

విజయనగరం నుంచి ఒక సభ్యురాలు:
అక్కా, బాగా రాశారు. కానీ జున్ను అంటే జున్నుపాలు, బెల్లం, మిరియాలు. గుడ్డు వేసినదాన్ని జున్ను అంటే మా అమ్మలాంటివాళ్ళు తెలియక తినేస్తారు. మా అమ్మ గుడ్డు ముట్టుకోదు. అది మంచిది కాదు కదా.

నా జవాబు:
నిజం చెల్లీ, ఇది నేను ఆలోచించి ఉండాల్సింది. పేరు ఏదైనా పక్కన 'గుడ్డు ఉంది' అని తప్పకుండా రాయాలి. పేరు వరకు మాత్రం ఒక మాట. జున్నుపాలు దొరకనప్పుడు మామూలు పాలల్లో గుడ్లు కొట్టి జున్ను చేసే ఇళ్ళు మనకీ ఉన్నాయి, దాన్ని గుడ్డు జున్ను అనే అంటారు. జరిగే పని కూడా ఒకటే: వేడికి మాంసకృత్తులు పేరుకుని ద్రవం గడ్డకడుతుంది. జున్నుపాలలో అవి సహజంగానే ఎక్కువ, పైలో ఆ పని గుడ్డు చేస్తుంది. ఎక్కువ వేడి తగిలితే నీరొదలడం రెండిట్లోనూ ఉన్నదే.

ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు:
రెండు విషయాలమ్మా. ఒకటి, నిఘంటువుల్లో చీజ్‌కి జున్ను అనే అర్థం ఇచ్చారు. 'గుమ్మడి జున్ను' అంటే గుమ్మడి చీజ్ అనుకునే అవకాశం ఉంది. రెండు, 'పై' విడిగా రాసినంత మాత్రాన సరిపోదు. 'బల్ల పై పుస్తకం' అని విడిగా రాసేవాళ్ళు బోలెడంతమంది. తేడా విభక్తిలో కనిపించాలి. నాణెం పైకి బహువచనం ఉంది, పైలు. మీద అనే అర్థంలో ఉన్న పైకి అది లేదు. కాబట్టి వాక్యంలో దాన్ని నామవాచకంగా నిలబెట్టండి: 'తీపి గుమ్మడి పైలు రెండు', 'గుమ్మడి పైని ఎనిమిది ముక్కలు కోయాలి'.

నా జవాబు:
మాస్టారూ, ధన్యవాదాలు. నాణెం దగ్గర్నుంచి బహువచనం తెచ్చుకోవచ్చని నాకు తట్టలేదు. మా పిలుపులో 'గుమ్మడి పైలు' అని ఉంటే కామా లేకపోయినా అత్తయ్య అలా చదివేవారు కాదు. చీజ్ సంగతి మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను. పిజ్జా మీద జున్ను వేయమని మనలో ఎవరూ అడగరు, చీజ్ అనే అంటాం. జున్ను అనగానే తెలుగువాళ్ళ నాలుకకి తగిలేది ఈనిన గేదె పాలే. నిఘంటువు కోసం ఆ రుచిని పక్కన పెట్టలేను.

అదే సభ్యురాలు:
అక్కా, గుడ్డు లేకుండా చేసే దారి ఉంటే చెప్పండి, అమ్మకి చేసి పెడతాను.

నా జవాబు:
ఉంది చెల్లీ. ఒక్కో గుడ్డుకి రెండేసి చెంచాల మొక్కజొన్న గంజిపొడిని (కార్న్‌స్టార్చ్) చల్లటి పాలల్లో ఉండలు లేకుండా కలిపి పోయి. గుడ్డు వేసినంత నున్నగా రాదు, ముక్క మాత్రం నిలుస్తుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కోయి. డబ్బా దొరకకపోతే సంతలో తీపి గుమ్మడి ముక్క కొని, ఆవిరి మీద ఉడికించి, గుడ్డలో వేసి నీరంతా పిండెయ్. నీరుంటే అడుగు క్రస్ట్ మెత్తబడిపోతుంది.

ఈ బుధవారం రెండు పైలు చేస్తున్నాను, ఒకటి గుడ్డుతో, ఒకటి లేకుండా. చీటీలు అత్తయ్య రాస్తున్నారు. గుడ్డు లేనిదాని మీద ఆవిడ అప్పుడే రాసి పెట్టారు: "తీపి గుమ్మడి పై. గుడ్డు లేదు. జున్నులా ఉంటుంది."