ఒకే రేడియోకి (రిమోట్‌కి) మోడల్ విమానాలన్నీ బైండ్ (జత) చేయొచ్చా, దేని సెట్ దానికే ఉంచాలా?

కొత్తరెక్క (పాలకొల్లు):
అందరికీ నమస్కారం అండి. దాళ్వా కోతలు అయిపోయాయి, కాలువలు కట్టేశారు, పొలాలు ఆరిపోయాయి. విమానం ఎగరేసుకోవడానికి మాకు ఇంతకంటే మంచి కాలం దొరకదు. నా దగ్గర ఫ్లైస్కై ఎఫ్‌ఎస్-ఐ6 రేడియోతో నడిచే ఫోమ్ బోర్డ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ విమానం) ఉంది. ఈ మధ్యే ఒక ఫ్లయింగ్ వింగ్ (తోక లేని, ఒట్టి రెక్క విమానం) కట్టాను. స్పెక్ట్రమ్ కంపెనీ రిసీవర్ (రేడియో మాట వినే పెట్టె) ఉన్న గ్లైడర్ ఒకటి మా బావ ఇచ్చేశాడు. మూడింటికీ కలిపి ఒక మల్టీప్రోటోకాల్ రేడియో (చాలా కంపెనీల ప్రోటోకాల్స్, అంటే రేడియో భాషలు, తెలిసినది) కొందామని నేను, దేని సెట్ దానికే ఉంటే ఏ గొడవా ఉండదని మా బావ. మీరేమంటారు?

సోల్డరింగ్ సుబ్బు (తణుకు):
ఒకటే కొనండి, ఆలోచించక్కర్లేదు. ఫోర్-ఇన్-వన్ మాడ్యూల్ ఉన్న రేడియోలో నాలుగు రకాల రేడియో చిప్‌లు ఉంటాయి. ఫ్లైస్కైకి ఏ7105, స్పెక్ట్రమ్‌కి సీవైఆర్‌ఎఫ్6936, ఎఫ్‌ఆర్‌స్కైకి సీసీ2500, బొమ్మ డ్రోన్ల లాంటివాటికి ఎన్‌ఆర్‌ఎఫ్24. మీ మూడు విమానాల్లో ఒక్క రిసీవర్ కూడా మార్చే పని ఉండదు.

అసలు లాభం వేళ్ళకి. రోజూ ఒకే స్టిక్, ఒకే స్ప్రింగ్ బిగువు, థ్రాటిల్ కట్ స్విచ్ (మోటరు ఆపేది) ఎప్పుడూ ఒకే చోట. కంగారులో చెయ్యి తడుముకోదు. రేడియో మారినప్పుడల్లా ఆ స్విచ్ ఎక్కడుందో వెతుక్కునేవాళ్ళని మా గ్రౌండ్‌లో చూస్తూనే ఉన్నాను.

పాతకాపు (రాజోలు):
సుబ్బు తమ్ముడు చెప్పిన చిప్‌ల సంగతి నిజమే. అయినా నేను ఒప్పుకోను.

క్రిస్టల్ రేడియోల రోజుల్లో ఒకే ఛానల్ మీద ఇద్దరు ఆన్ చేస్తే గాల్లో ఉన్న విమానం నేలకే. అందుకే ఎవరిది ఏ ఛానలో అడగకుండా ఎవరూ స్విచ్ వేసేవారు కాదు. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ బాధ పోయింది. ప్రతి ట్రాన్స్‌మిటర్‌కీ సొంత గుర్తింపు నంబరు ఉంటుంది. బైండ్ చేసినప్పుడు రిసీవర్ ఆ నంబరు గుర్తుపెట్టుకుంటుంది, ఇక పక్కవాడి మాట వినదు. కానీ ఇప్పుడు నేను చూస్తున్న క్రాష్‌లు సొంత రేడియోలో తప్పు మోడల్ (వేరే విమానం సెట్టింగుల మెమరీ) ఎంచుకోవడం వల్ల జరుగుతున్నాయి. మూడు విమానాలకి మూడు సెట్లు ఉంటే ఆ తప్పు చేద్దామన్నా కుదరదు. పైగా ఉన్న ఒక్క రేడియో పాడైతే మూడూ అటక మీదే.

గట్టు మీద గాలి (ఆకివీడు):
పాతకాపు గారు చెప్పిన ప్రమాదం నూటికి నూరుపాళ్ళూ ఉంది. కానీ దానికి మందు మూడు సెట్లు కాదండి. బైండ్ చేసే పద్ధతి మార్చుకోవాలి.

ముందు ఆ తప్పు ఎలా ఉంటుందో దగ్గర్నుంచి చూద్దాం. కొత్తరెక్క గారు రేడియోలో ఫ్లయింగ్ వింగ్ మెమరీ తెరిచి ఉంచి, ట్రైనర్‌కి బ్యాటరీ పెట్టారనుకోండి. వింగ్‌లో ఎలివాన్ మిక్స్ (రెక్క వాల్చడానికీ ముక్కు ఎత్తడానికీ అవే రెండు పలకలు) ఉంటుంది కాబట్టి ఒకటో ఛానలూ రెండో ఛానలూ (ఒక్కో పలకకి వెళ్ళే ఆదేశాలు) కలిసే కదులుతాయి. ట్రైనర్‌లో ఒకటి ఎయిలెరాన్ (రెక్క వాల్చే పలక), రెండు ఎలివేటర్ (ముక్కు ఎత్తి దించే తోక పలక). స్టిక్ కుడికి తోస్తే ఎయిలెరాన్‌తో పాటు ఎలివేటర్ కూడా ఊగుతుంది. నేల మీద ఉన్నప్పుడు సర్వోలు (పలకలు కదిపే చిన్న మోటార్లు) కదిలాయి కదా, అంతా బాగానే ఉంది అనిపిస్తుంది. చేత్తో విసిరాక మొదటి మలుపులోనే ముక్కు కిందికి పెడుతుంది. ఛానల్ వరస వేరుగా ఉన్న మెమరీ అయితే ఇంకా ఘోరం. ఈఎస్‌సీ (మోటరు వేగం నడిపే బోర్డు) ఆర్మ్ అయ్యి, అంటే మోటరు తిప్పడానికి సిద్ధమై, ఉండగా మోడల్ మార్చారంటే, థ్రాటిల్ ఉండాల్సిన చోటికి ఎలివేటర్ మధ్య విలువ వస్తుంది, మోటరు సగం వేగంతో లేస్తుంది. వేళ్ళు పోయేది అక్కడే. బెంచి మీద ఏం చేసినా ముందు ప్రొపెల్లర్ తీసెయ్యమని అందుకే మొత్తుకునేది.

ఇలా ఎందుకవుతుందంటే, ఒకే ప్రోటోకాల్ వాడే రిసీవర్లన్నిటికీ తెలిసిన ట్రాన్స్‌మిటర్ నంబరు ఒకటే. మెమరీ ఏదైనా యజమాని ఒకడే కాబట్టి వింటాయి. దీనికే మోడల్ మ్యాచ్ (సరైన మెమరీ తెరిస్తేనే రిసీవర్ వినడం) పెట్టారు. ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న రేడియోల్లో మోడల్ సెటప్ పేజీలో రిసీవర్ నంబర్ అని ఉంటుంది. ట్రైనర్‌కి 1, వింగ్‌కి 2, గ్లైడర్‌కి 3 పెట్టి, ఆ తర్వాతే బైండ్ చేయాలి. బైండ్ అయ్యాక నంబరు మారిస్తే మళ్ళీ బైండ్ చేసుకోవాల్సిందే. అయ్యిందో లేదో చూసుకునే పద్ధతి ఒకటే: కావాలనే తప్పు మెమరీ తెరిచి విమానానికి బ్యాటరీ పెట్టండి. ఒక్క సర్వో కూడా కదలకూడదు. కదిలిందంటే ఆ పూట ఎగరేయొద్దు.

సోల్డరింగ్ సుబ్బు (తణుకు):
దీనికి తోడు ఒకటి. ఎక్స్‌ప్రెస్ఎల్‌ఆర్‌ఎస్ అనే ప్రోటోకాల్ వాడేవాళ్ళు బైండింగ్ ఫ్రేజ్ (రేడియోలోనూ రిసీవర్‌లోనూ పెట్టే ఒకే మాట) పెట్టుకుని బైండ్ చేసే పనే లేదని సంబరపడతారు. ఒకే ఫ్రేజ్ ఉన్న రెండు రిసీవర్లకి ఒకేసారి కరెంటు ఇస్తే రెండూ ఒకే రేడియో మాట వింటాయి. అందులోనూ మోడల్ మ్యాచ్ ఉంది, ఆన్ చేసుకోవాలి. వెర్షన్ 2 రిసీవర్ వెర్షన్ 3 రేడియోతో కలవదు, అదీ చూసుకోండి. ఇక ఎక్కువ దూరం కావాలని 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ తెప్పించుకునేవాళ్ళకి ఒక మాట: మన దగ్గర లైసెన్స్ అక్కర్లేని పట్టీ 865 నుంచి మొదలవుతుంది, దానికి ఐఎన్866 అనే సెట్టింగ్ ఉంది. 915 పెట్టకండి.

కొత్తరెక్క (పాలకొల్లు):
గాలి గారూ, చాలా థ్యాంక్స్ అండి. సుబ్బు గారి మాట విని స్నేహితుడి మల్టీప్రోటోకాల్ రేడియో తెచ్చి చూశాను. ట్రైనర్‌లో ఐఏ6బి రిసీవర్ ఉంది. బైండ్ ప్లగ్ పెడితే లైటు గబగబా కొట్టుకుంటూనే ఉంది, ఆగట్లేదు. ప్రోటోకాల్ ఫ్లైస్కై అనే పెట్టాను. రిసీవర్ పోయిందంటారా?

సోల్డరింగ్ సుబ్బు (తణుకు):
రిసీవర్‌కి ఏం కాలేదు. ఐఏ6బి మాట్లాడేది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ. మీరు పెట్టింది పాత ఫ్లైస్కై ప్రోటోకాల్, రెండూ వేరు. మాడ్యూల్ జాబితాలో 2ఏ విడిగా ఉంటుంది, అది ఎంచుకోండి. రేడియోని రిసీవర్ పక్కనే ఆనించి పెట్టొద్దు, మీటరో రెండు మీటర్లో దూరంగా ఉంచండి. మరీ దగ్గరైతే సిగ్నల్ ముంచేస్తుంది. బైండ్ అయ్యాక ప్లగ్ తీసి, ఒకసారి కరెంటు ఆపి మళ్ళీ ఇవ్వండి.

గట్టు మీద గాలి (ఆకివీడు):
బైండ్ అయ్యిందని వెంటనే పొలానికి పరిగెత్తకండి. ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే విమానం ఏం చేయాలో ముందే చెప్పి ఉంచే సెట్టింగ్) పెట్టారా?

ఈ వైపు నేల ఎలా ఉంటుందో మీకు తెలుసు. వరి చేను పక్కనే రొయ్యల చెరువు, చెరువు మీద పక్షులు వాలకుండా కట్టిన తాళ్ళు, ఏరేటర్లకి లాగిన కరెంటు తీగలు, మేత చల్లే మనుషులు. మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రం గాలి లేస్తుంది. సిగ్నల్ పోయిన క్షణంలో థ్రాటిల్ ఎక్కడుందో అక్కడే ఉండిపోతే, విమానం బ్యాటరీ అయిపోయేదాకా గాలివాటున పోతుంది. ఎవరి నెత్తిన పడుతుందో! ఎవరి గట్టు మీద నిలబడి ఎగరేస్తున్నామో వాళ్ళకి మనం ఇవ్వాల్సిన కనీస మర్యాద ఇది.

స్పెక్ట్రమ్‌లో బైండ్ చేసేటప్పుడు థ్రాటిల్ ఎక్కడుంటే అదే ఫెయిల్‌సేఫ్ అవుతుంది, కాబట్టి స్టిక్ పూర్తిగా కిందికి లాగి బైండ్ చేయాలి. ఫ్లైస్కైలో మెనూలోకి వెళ్ళి పెట్టుకోవాలి. మళ్ళీ బైండ్ చేసిన ప్రతిసారీ కొత్తగా చూసుకోవాలి. ప్రొపెల్లర్ లేకుండా మోటరు తిప్పి, రేడియో ఆపెయ్యండి. మోటరు ఆగాలి. తర్వాత రేడియో శక్తి తగ్గించే రేంజ్ చెక్ మోడ్‌లో ముప్పై అంగలు నడిచి సర్వోలు చూడండి. కొబ్బరి తోటల మధ్య అయితే ఇది మరీ ముఖ్యం, నీరు పట్టిన ఆకులు 2.4 గిగాహెర్ట్జ్‌ని బాగా మింగేస్తాయి.

పాతకాపు (రాజోలు):
థ్రాటిల్ సున్నా దగ్గర గాలి తమ్ముడితో నాకు పేచీ లేదు. రడ్డర్‌ని (ముక్కు పక్కకి తిప్పే తోక పలకని) కూడా కొంచెం పక్కకి పెట్టమంటాను నేను. అప్పుడు విమానం చుట్టూ తిరుగుతూ ఉన్నచోటే దిగుతుంది. తిన్నగా పెడితే జారుకుంటూ రెండు చెరువులు దాటిపోతుంది.

గట్టు మీద గాలి (ఆకివీడు):
అక్కడే నాకు అభ్యంతరం అండి. సిగ్నల్ ఎప్పుడూ పైనే పోదు. దిగేటప్పుడు మన చేతి నీడలోనో చెట్టు వెనకో అరసెకను పోతుంది. నేలకి దగ్గరలో ఆ అరసెకను రడ్డర్ తోసిందంటే రెక్క తగిలి విరుగుతుంది. ట్రైనర్‌కి థ్రాటిల్ సున్నా, మిగతావి మధ్యలో. మీరు చెప్పింది ఎత్తులో తిరిగే గ్లైడర్‌కి సరే.

పాతకాపు (రాజోలు):
గ్లైడర్‌కి ఒప్పుకున్నావు కదా, అది చాలు నాకు. ట్రైనర్ సంగతి చెట్టు లేని చోట ఎగరేసేవాడికి వేరు, మా తోటల్లో ఎగరేసేవాడికి వేరు.

కొత్తరెక్క (పాలకొల్లు):
2ఏ పెట్టగానే లైటు నిలబడిందండి! రిసీవర్ నంబర్ 1 ఇచ్చి మళ్ళీ బైండ్ చేశాను. వింగ్ మెమరీ తెరిచి చూస్తే ట్రైనర్ సర్వోలు ఉలుకూ పలుకూ లేవు. మా బావకి వీడియో పంపాను, ఇంకా ఏమీ అనలేదు. అయితే ఇలాంటి రేడియోనే కొనేస్తాను. ఐ6 అమ్మేయనా?

పాతకాపు (రాజోలు):
అమ్మొద్దు. కొత్త రేడియోలో చెయ్యి కుదిరేదాకా ట్రైనర్‌ని మళ్ళీ ఐ6 కే బైండ్ చేసి ఉంచు. వింగ్, గ్లైడర్ కొత్తదానికి ఇవ్వు. పొలానికి వెళ్ళేటప్పుడు రెండూ పట్టుకెళ్ళు.