రోళ్లపాడు గడ్డి మైదానం అంచున గాలిమరలు: అభ్యంతరం ఎవరికి చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది కర్నూలు. మా అమ్మమ్మ వాళ్ల చేను రోళ్లపాడు అభయారణ్యం దగ్గరే ఉంది. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటు చేసిన చోటు అది. ఇప్పుడు ఆ పక్షి కనిపించడమే గగనమైంది. కృష్ణజింకలు మాత్రం పొద్దున్నే చేలలోకి వస్తాయి. చెట్లు తక్కువ, చూపుకు ఆకాశం దాకా అడ్డే ఉండదు.

పోయిన వారం గట్టు మీద ఎర్ర రంగు పూసిన రాళ్లు పాతారు. గాలిమరలు, పెద్ద కరెంటు టవర్లు వస్తాయని అంటున్నారు. బట్టమేక బరువైన పక్షి, ఎదురుగా ఉన్న తీగ దగ్గరికి వచ్చేదాకా దాని కంటపడదు. చటుక్కున పక్కకు తిరగలేక తీగకు తగిలి చనిపోతుంది. గాలి విద్యుత్తుకు నేను వ్యతిరేకిని కాను, అది ఆ చోట వద్దంటున్నాను.

కొన్ని రకాల ప్రాజెక్టులు ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాలనే 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ గాలి విద్యుత్తుకు వర్తించదు కాబట్టి, దాని కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ ఇక్కడ ఉండదు. మరి మా అభ్యంతరం అటవీ శాఖకు ఇవ్వాలా, కలెక్టరుకా? అభయారణ్యం చుట్టూ కొన్ని పనులపై ఆంక్షలుండే పర్యావరణ సున్నిత మండలం హద్దులు చూపే పటం ఎక్కడ దొరుకుతుంది? టవర్లు వస్తే ఆ మైదానం ఎలా కనిపిస్తుందో ఫొటోల మీద చూపించడం తెలిసినవారు, వాటిని ఎంత దూరం నుంచి తీయాలో దయచేసి చెప్పండి.