ఫ్లాట్‌లో ఏసీ బిగించాలంటే ఎవరి పర్మిషన్ కావాలి?

ఎంవీపీ_304: మూడో అంతస్తు, సొంత ఫ్లాటే. ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు కొన్నాను, కుర్రాళ్ళు శనివారం వస్తారు. ఇప్పుడు అసోసియేషన్ సెక్రటరీ గారు లెటర్ ఇస్తేనే గోడకి బెజ్జం అంటున్నారు. కరెంటు బిల్లులో లోడు చూస్తే 2 కిలోవాట్లే. జీవీఎంసీకి (విశాఖ కార్పొరేషన్‌కి) కూడా వెళ్ళాలా?

సీతమ్మధార_శీను: లెటరేంటి గురూ! నేను ఎవర్నీ అడగలేదు, ఆరేళ్ళయింది, ఏమీ కాలేదు.

వైరింగ్_మాస్టారు: ఏమీ కాలేదట! రెండు ఏసీలు ఒక గీజరు కలిస్తే 5 కిలోవాట్లు, అంటే ఇరవై ఆంపియర్లు దాటిపోతుంది. బిల్లులో ఆర్‌ఎండీ అని ఉంటుంది, అంటే ఆ నెలలో మీటరుకెక్కిన గరిష్ఠ లోడు, ఎప్పుడైనా చూశారా? అది రాయించుకున్న లోడు దాటిందంటే నోటీసు వస్తుంది. అడిషనల్ లోడుకి ముందే డబ్బు కట్టేసుకోండి. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని నాది.

సీతమ్మధార_శీను: మీ సర్వీసు ఎవరడిగారండీ.

లాసన్స్‌బే_అత్తయ్య: ఈ లెటర్లు సరే, ఉప్పుగాలి మాట ఎవరూ ఎత్తరేంటి? మా ఔట్‌డోర్ యూనిట్ మూడేళ్ళకే అప్పడంలా పొడి పొడి అయింది.

గాజువాక_గిరి: కాపర్ కాయిల్ తీసుకోవాల్సింది అత్తయ్యా, రాగికి తుప్పు పట్టదు.

వైరింగ్_మాస్టారు: కాయిల్ రాగిదైనా దాని మీద సన్న రేకులు అల్యూమినియంవే కదా బాబూ! ఉప్పు తగిలితే రాగి పక్కనున్న అల్యూమినియం ఇంకా త్వరగా పోతుంది. మంచినీళ్ళతో అప్పుడప్పుడు కడగాలి.

గాజువాక_గిరి: షాపువాడు అలా చెప్పలేదే.

వైరింగ్_మాస్టారు: షాపువాడు అమ్ముకునేవాడు.

అక్కయ్యపాలెం_ఎఫ్2: నేనూ అసోసియేషన్ సెక్రటరీనే, అందరూ మమ్మల్నే తిడతారు. పైఫ్లాటు ఏసీ పైపు నీళ్ళు సరిగ్గా ఆవకాయకి ఆరబెట్టిన ముక్కల మీద పడ్డాయి, కిందావిడ పళ్ళెం తెచ్చి నా గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయారు. అప్పట్నుంచి డ్రెయిన్ పైపు కిందదాకా దించుతామని రాసిస్తేనే సంతకం పెడుతున్నాను. జీవీఎంసీ వాళ్ళు మాత్రం స్ప్లిట్ ఏసీకని మా బిల్డింగుకి ఎప్పుడూ రాలేదు.

సీతమ్మధార_శీను: నీళ్ళేగా, ముక్కలు మళ్ళీ తుడుచుకుంటే పోయేది.

లాసన్స్‌బే_అత్తయ్య: తడి తగిలితే ఆవకాయ బూజు పడుతుంది నాయనా! ఎప్పుడైనా పెట్టావా నువ్వు?

పెదవాల్తేరు_రవి: స్టాండు గట్టిగా బిగించమని కూడా రాయించుకోండి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను రోజు మా మేడ మీది ఔట్‌డోర్ యూనిట్ స్టాండుతో సహా ఎగిరి పక్కింటి నీళ్ళ ట్యాంకు పగలగొట్టింది. ట్యాంకు డబ్బులు నేనే కట్టాను.

ఎంవీపీ_304: అయ్యా, శనివారం కుర్రాళ్ళని రమ్మనాలా వద్దా?

వైరింగ్_మాస్టారు: రమ్మను. లెటర్ మీద రెండు ముక్కలు రాసిచ్చెయ్, గొడవెందుకు. బీమ్‌కి మాత్రం డ్రిల్లు పెట్టనివ్వకు, బెజ్జం బయటికి వాలుగా ఉండాలి. మెయిన్ వైరు మందం ఎంతో చూసి చెప్పు, లోడు పెంచేదాకా రెండు ఏసీలూ గీజరూ ఒకేసారి వెయ్యకు.

గాజువాక_గిరి: మాస్టారూ, మా ఏసీ కూడా ఓసారి చూసి పెడతారా? కాపర్‌దే.